ఎదురు లైన్‌కు గ్యాస్ బంద్

మా మండలంల నా అంత పెద్ద చదువు చదివినోడు ఇప్పటికీ లేడు. ఏడో తరగతి మూడుసార్లు చదివిన. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. ఇరవై ఒకటో తరగతి అంటే డాక్టరేటుకు పైన ఎక్కడో ఉంటదని నా లెక్క. మూడుసార్లు తప్పింది లెక్కలల్లనే కాబట్టి, దీన్ని గూడ మీరే ఒకసారి సరిచూసుకోండ్రి.

ఈ చదువుతోని ఒమన్ పోయిన. అక్కడ లైసెన్సు కావాలంటే ముందు డ్రమ్ముల టెస్టు పాసు గావాలె. రెండు వరుసల డ్రమ్ములు నిలబెడతరు. వాటి నడుమ బండిని వెనక్కి పోనిచ్చి నిలపాలె, ఏ డ్రమ్ముకూ తాకొద్దు. మొదటిసారి నేను ఒక్క డ్రమ్మును గూడ వదిలిపెట్టలే. పోలీసాయన కిందపడ్డ డ్రమ్ములను చూసి, నన్ను చూసి, "ఇండియాల ఏం నడిపేటోనివి?" అని అడిగిండు. "ట్రాక్టర్ సార్" అన్న. "పొలాల మీదనా, ఇండ్ల మీదనా?" అన్నడు.

అట్ల మొదలైన డ్రైవర్‌ను, కండ్లు మసకబట్టి కంపెనీ ఖలాస్ అనేదాంక బండి నడిపిన. ఇప్పుడు బ్యాగులు సదురుకుంటున్న తమ్ముల్లారా, వీసా సంగతులు, ఏజెంట్ సంగతులు మీకు చెప్పేటోళ్ళు మస్తుమంది ఉన్నరు. నేను చెప్పేది ఒక తొక్కు సీసా సంగతి. నవ్వుకుంట చదువుండ్రి. నేనైతే నవ్వుకుంటనే మొదలువెట్టిన.

ఒమన్‌ల సోహార్ అనే ఊర్ల నా ఆఖరి డ్యూటీ ఇద్దరు ఇంజినీర్లను పొద్దుగాల ప్లాంటుకు తీస్కపోవుడు, సాయంత్రం తీస్కొచ్చుడు. ముందు సీట్ల కూసునేటాయన సేఫ్టీ ఆఫీసర్. గాజాల పుట్టినోడు. వెనక సీట్ల కూసునేటాయన పెద్ద మిషన్ల స్పెషలిస్టు. పాస్‌పోర్టు యూరప్‌ది, మనిషి యూదులాయన. ఆ సంగతి కంపెనీల ఇద్దరికే తెలుసు: ముందు సీటాయనకు, నాకు. ఒక శుక్రవారం ఆయనే చెప్పిండు, ఎవరితోని అనకు అన్నడు. నేను మా రూమ్‌ల గూడ అనలే. నా నోరు ఆగిన సందర్భాలు జీవితంల రెండో మూడో ఉంటయ్, అందుల ఇదొకటి.

ఇద్దరూ పాత దోస్తులు. ఎన్నో సైట్లల కలిసి పనిచేసిన్రు. "ఏమోయ్ కజిన్" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేటోళ్ళు, అరబ్బులకూ యూదులకూ మూలపురుషుడు ఒక్కడేనంట. వెనకకెళ్ళి ముందుకు, ముందుకెళ్ళి వెనకకు పొద్దుతిరుగుడు గింజల పొట్లం నడిచేది. పొట్టు మాత్రం నా బండిల పడేది.

ఆ అక్టోబర్‌తోని గింజల పొట్లం ఆగిపోయింది. గాజా నుంచి సరిహద్దు దాటి వచ్చినోళ్ళు ఇస్రాయిల్ ఊళ్ళ మీద పడి చంపిన పొద్దున, వెనక సీటాయన మేనత్త కొడుకును ఇంట్లకెళ్ళి ఎత్తుకపోయిన్రు. తర్వాత గాజా మీద బాంబులు మొదలైనయ్. చలికాలం వచ్చేసరికి ముందు సీటాయన చెల్లెలి ఇల్లు కూలిపోయింది. వార్త వచ్చిన తెల్లారి గూడ ఆయన డ్యూటీకి వచ్చిండు. "రూమ్‌ల కూసుంటే గోడలు మాట్లాడుతున్నయ్" అన్నడు.

కంపెనీ బండ్లల్ల రాజకీయాలు మాట్లాడొద్దని మేనేజర్ కాగితం అంటించిండు. అంటించకున్నా వాళ్ళు మాట్లాడకపోతుండె. ఇద్దరినీ వేరే వేరే బండ్లల్ల పంపొచ్చు గదా అంటరేమో. కంపెనీకి రెండు దేశాల దుఃఖం కనబడలే, రెండో బండి పెట్రోలు కనబడ్డది.

ఇంకో సంగతి చెప్పాలె. ప్లాంట్ల ఒక పద్ధతి ఉంటది. మిషన్ లోపలికి దిగే ముందు కరెంటు బంద్ చేసి, దిగే ప్రతి మనిషీ ఆ స్విచ్చుకు తన ఎర్ర తాళం తనే వేస్తడు. పది మంది దిగితే పది తాళాలు. ఎవరి తాళం మీద వాని ఫోటో. బయటికి వచ్చినంక ఎవని తాళం వాడే తీయాలె. మందిది ముట్టుకున్నోనికి ఇంటి టికెట్టే. లోపల ఒక్క మనిషి ఉన్నా ఆ మిషన్ తిరగదు. ఈ పద్ధతి చూసుకునేది ముందు సీటాయన. రోజూ మిషన్ లోపలికి దిగేది వెనక సీటాయన. ఒకరితోని ఒకరు మాట్లాడరు గని, ఆయన లోపల ఉన్నంతసేపు ఈయన స్విచ్చు కాడికెళ్ళి కదలకపోతుండె.

ఇగ మా క్యాంపుకు వద్దాం. రెండు లైన్ల రూమ్‌లు, నడుమ ఇసుక, చివరన రెండు లైన్లకూ కలిపి ఒక వంటిల్లు. మా లైన్ల మొత్తం మన జిల్లాలోళ్ళు. ఎదురు లైన్ల బంగ్లాదేశ్‌వాళ్ళు, బిహార్‌వాళ్ళు కలిసి ముప్పై నలభై మంది. మా రూమ్ పెద్ద ఒక పైప్ ఫిట్టర్. అందరం సర్పంచ్ అంటుంటిమి. ఊర్ల వార్డుమెంబర్‌గ గూడ గెలవనోడు, క్యాంపుల మాత్రం ఏకగ్రీవం.

ఆ రోజులల్ల టీవీ రూమ్‌ల రోజూ యుద్ధమే. మావోళ్ళు కబడ్డీ చూసినట్లే చూసేటోళ్ళు. సర్పంచ్ ఇస్రాయిల్ పార్టీ. "గట్లనే కొట్టాలె! ఒకటికి పది! ఇండ్లకు ఇండ్లు లేపెయ్యాలె, అప్పుడు గని బుద్ధి రాదు" అని తొడగొట్టేటోడు. మూలకు కూసున్న ఇంకొకాయన అటు పార్టీ. "వాళ్ళ ఊళ్ళ మీద పడి మంచిగనే చేసిన్రు, పండుకున్నోళ్ళను లేపి మరీ కొట్టిన్రు" అని మీసం తిప్పేటోడు. ఇద్దరూ ఊర్ల పాము కనబడితే మంచమెక్కే రకమే. టీవీల పిల్లగాన్ని చేతులమీద పట్టుకుని ఉరుకుతున్న తండ్రి కనబడితే మాత్రం ఇద్దరూ రిమోట్ కోసం వెతుకుతుండిరి. అప్పుడు పాటల ఛానల్ పెట్టాల్నని ఇద్దరికీ ఒకేసారి యాదికొచ్చేది.

గా నడుమ సర్పంచ్‌కు ఇంటికాడికెళ్ళి తొక్కు వచ్చింది. మామిడికాయ తొక్కు, ఎల్లిపాయ కారం పెట్టింది. ఆయన భార్య ఆపరేషనయ్యి, మంచం మీద కూసొనే కలిపి, ఊరికచ్చిన మనిషితోని పంపింది. ఆయన దాన్ని తింటుండెనా, దేవునికి మొక్కుతుండెనా మాకు సమజ్ కాకపోతుండె. మూత తీసి, వాసన చూసి, మళ్ళ మంచం కింద పెట్టేటోడు. మాకు వేలు కొసకు అంటుకున్నంత పెట్టి, "ఎట్లుంది?" అని పది సార్లు అడిగేటోడు.

ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చి చూస్తే మంచం కింద సీసా లేదు.

ఖాళీ సీసా వంటింటి కాడి చెత్తడబ్బల దొరికింది. ఆ డబ్బ రెండు లైన్లకూ నడుమ ఉంటది. సర్పంచ్ దాని పక్కన నిలబడి అటు చూసిండు, ఇటు చూసిండు. "అటువైపు వంగి ఉంది డబ్బ" అన్నడు. ఇంతే సాక్ష్యం. నవ్వకుండ్రి. దీనికంటే తక్కువ సాక్ష్యం మీద టీవీల దేశాలకు దేశాలే నడుస్తుండె.

ఎదురు లైన్‌వాళ్ళను పిలిచిన్రు. హిందీ మంచిగ వస్తదని నన్ను ముందుకు తోసిన్రు. నేను గూడ మైకు దొరికిన లీడర్ లెక్క గొంతు సవరించుకున్న. "దొంగను అప్పజెప్పుండ్రి" అన్న. "మా లైన్ల ఎవడు తీయలే" అన్నరు వాళ్ళు. "అయితే మీ అందరూ తీసినట్టే" అన్నడు సర్పంచ్. అది గూడ నేనే హిందీల చెప్పిన, ఆయన అన్నదానికంటే బాగ చెప్పిన.

వంటింటి బయట ఇనుప జాలి పెట్టెల గ్యాస్ సిలిండర్లు ఉంటయ్. సర్పంచ్ పోయి వాల్వు తిప్పి, జాలికి తన ప్లాంటు తాళం వేసిండు. ఎర్రది, ఫోటో ఉన్నది. "దొంగ బయటికొచ్చేదాంక ఎవని పొయ్యి వెలగదు" అన్నడు. మా లైన్ల చప్పట్లు. ఎందుకు కొట్టరు? మా రూమ్‌లల్ల దాచిపెట్టిన కరెంటు పొయ్యిలున్నయ్. ఎదురు లైన్ల అవి లేవని మాకు తెలుసు.

క్యాంప్ బాస్ సెలవు మీద ఊరికి పోయి ఉండె. కంపెనీకి చెప్తే రెండు లైన్ల వంటా బంద్ అయితదని ఎవ్వరూ నోరు తెరవలే. తెల్లారి మా ఆరేసిన బట్టలన్నీ ఇసుకల పడి ఉన్నయ్. దానికి బదులుగ మావోళ్ళు వాళ్ళ చెప్పులు తీసి రూఫ్ మీదికి విసిరిన్రు. దానికి వాళ్ళు ఏదో చేసిన్రు, దానికి మేమేదో చేసినం. తొక్కు సంగతి అప్పటికే సగంమంది మరిచిపోయిన్రు.

మరునాడు పొద్దున బండిల అదే చావు నిశ్శబ్దం. రోడ్డుపక్క హోటల్ కాడ ఆగి ముగ్గురికీ కరక్ చాయ్ తీసుకున్న. వీళ్ళ ముఖాలు చూసి, ఇయ్యాల ఎట్లనన్న నవ్వియ్యాల్నని, తొక్కు యుద్ధం మొత్తం చెప్పిన. నాకు వచ్చిన ఇంగ్లీషు, సగం హిందీ, మిగిలింది చేతులతోని. స్టీరింగ్ వదిలేసి మరీ సర్పంచ్ తొడగొట్టుడు చూపించిన.

ఎవరూ నవ్వలే. ముందు సీటాయన చాయ్ కప్పు దించి అడిగిండు: "ఎవరు తీసిన్రో తెలుసా?"

"తెలువది సార్."

"ఎదురు లైన్ల ఎంతమంది?"

"ముప్పై నలభై మంది సార్."

"అందరూ కలిసి తిన్నరా ఒక్క సీసా?"

నేను నవ్వబోయిన. వెనకకెళ్ళి గొంతు వచ్చింది. నెలల తర్వాత ఆ సీట్లకెళ్ళి వచ్చిన మొదటి మాట. "సీసా చిన్నది కాదు. మంచం మీద కూసొని చేసిచ్చిందంట ఆమె."

"నేను చిన్నది అనలే" అన్నడు ముందు సీటాయన, వెనక్కి తిరగకుండనే. "గ్యాస్ ఎవరిది బంద్ చేసిన్రని అడుగుతున్న."

"ఆ లైన్ల ఎవడు తీసిండో ఆ లైన్‌కు తెలుసు. నోరు మూసుకున్నరు."

"అందరికీ తెలుసా? అన్నం మెతుకు తప్ప ఏమీ తెలువనోడు ఒక్కడు గూడ లేడా ఆడ?"

"ఏం చేయమంటవ్ మరి? ఊకుండాల్నా? ఊకుంటే రేపు మళ్ళ వస్తడు. రూమ్‌ల జొరబడ్డడు వాడు! మంచం కిందికెళ్ళి తీస్కపోయిండు! పండుకున్నోని ఇంట్లకెళ్ళి—"

నేను అద్దంల చూసిన. ఆయన కండ్ల ముందు తొక్కు సీసా లేదు.

ముందు సీటాయన చాయ్ కప్పును రెండు చేతులతోని పట్టుకున్నడు. తర్వాత మెల్లగ, అసలు ఎవరితోనో కానట్టు అన్నడు: "వాడు జొరబడ్డది తప్పే. ఆ మాట చెప్పాల్నని ఆనాడే నీకు ఫోన్ చేసిన. నువ్వు ఎత్తలే. నేను అడిగేది ఒక్కటే. మా చెల్లె పిల్లలు ఏ సీసా తీసిన్రు?"

వెనక సీటాయన ముఖం కిటికీ దిక్కు తిప్పుకున్నడు. నేను ప్లాంటు గేటు దాటి ఎటో పోతున్న.

"గేటు!" అన్నరు ఇద్దరూ ఒక్కసారే.

బండి తిప్పుతుంటే నా ఫోన్ మోగింది. ఎదురు లైన్ మనిషి. డ్రైవర్ నంబర్ శత్రువుల కాడ గూడ ఉంటది. "అన్నా, చాచా పడిపోయిండు. కండ్లు తెరుస్తలేడు. నీ బండి వస్తదా?"

చాచా ఎదురు లైన్ల అందరికంటే పెద్దమనిషి. బంగ్లాదేశ్ ఆయన. ట్యాంకులు కడిగే పని. కడుపు ఆపరేషనయ్యి కొద్దిరోజుల కిందనే దవాఖాన నుంచి వచ్చిండు. మెత్తగ ఉడికిన జావ తప్ప ఏదీ పట్టొద్దన్నరు డాక్టర్లు. ఈ సంగతి నాకు తెలుసు. దవాఖాన నుంచి తీసుకొచ్చింది నేనే. గ్యాస్ బంద్ చేసే మీటింగుల, దంచి హిందీ మాట్లాడుతున్నప్పుడు మాత్రం యాదికి రాలే. ఆ రెండు రోజులు ఆయన కంపెనీ మెస్‌ల దొరికే కారం కూరల ఖుబ్బూస్ రొట్టె నానబెట్టుకుని తిన్నడంట. తిన్నది తిన్నట్టు కక్కుకున్నడంట. ఎవరినీ ఏమీ అడగలేదంట.

ఇంజినీర్ల బండిల లేబర్‌ను ఎక్కించొద్దని రూల్. ఆ రూల్ రాసిన సేఫ్టీ ఆఫీసరే "తిప్పు బండి" అన్నడు.

క్యాంపుల చాచాను తలకాడ ఒక ఇంజినీర్, కాళ్ళకాడ ఇంకో ఇంజినీర్ పట్టుకుని ఎత్తిన్రు. వెనక సీటాయన తన కోటు తీసి కింద పరిచి, ఆయన తలను ఒళ్ళె పెట్టుకున్నడు. ముందు సీటాయన పోయేముందు వంటింటి దిక్కు ఒక్క చూపు చూసిండు. జాలికి ఎర్ర తాళం కనబడ్డది.

దవాఖానల డాక్టర్ మా మీద అరిచిండు. కుట్లు కదిలినయ్, ఒంట్ల నీళ్ళు లేవు, ఇంకొంచెం ఆలస్యమైతే పనైపోతుండె అన్నడు. "ఇంట్ల జావ కాచేటోడే లేడా?" అని అడిగిండు. నలభై మంది ఉన్నరని చెప్పకుండ మందుల చీటి అందుకున్న.

సాయంత్రం ముందు సీటాయన నాతోని క్యాంపుకు వచ్చిండు. నేను బండి డిక్కీలకెళ్ళి పెద్ద కట్టర్ తీసిన. "పెట్టెయ్ అది" అన్నడు. సర్పంచ్‌ను పిలిపించిండు. సర్పంచ్ అప్పటికే మాట తయారు పెట్టుకుని వచ్చిండు.

"నేను చాచాను ఏమన్ననా సార్? దొంగను అన్న. దొంగ పోయి వాళ్ళ నడుమ దాక్కుంటే నేనేం జేయాలె?"

ఈ మాట ఎక్కడనో విన్నట్టుందే అనుకున్న. టీవీల. కోటు వేసుకున్న లీడరెవరో చెప్పిండు, గంత పెద్ద మైకుల.

ముందు సీటాయన తాళాన్ని వేలితోని ముట్టుకున్నడు. ఫోటోల సర్పంచ్ నవ్వుతుండు. "ఇది నేనిచ్చిన తాళం" అన్నడు. "ఎందుకిస్తరో చెప్పు."

టీవీ రూమ్‌ల ఇండ్లకు ఇండ్లు లేపిన గొంతు అది, ఇప్పుడు పక్కనున్న నాకే వినబడతలేదు. "లోపల మనిషి ఉంటే మిషన్ తిరగొద్దని సార్."

"అయితే లోపల ఎవరూ లేరనుకున్నవా?"

సర్పంచ్ తల వంచిండు. "సార్, ఆ తొక్కు నా పెండ్లాం..." అని ఆగిపోయిండు.

"తెలుసు" అన్నడు ముందు సీటాయన. కోపంగ అనలే. "దొంగను వెతుకు. దొరికితే నేను గూడ నీతోని వచ్చి అడుగుత. గని తాళం వేసినోడే తీయాలె. ఇంకొకడు కోయొద్దు. రా, తియ్యి."

ఇరవై ఏండ్లు పైపులు బిగించిన చెయ్యి అది. తాళంచెవి రంధ్రంల పోతలేదు. రెండు లైన్ల మంది నిలబడి చూస్తున్నరు, ఎవరూ సాయం పోలే. ఆఖరుకు తాళం ఊడింది. మొదటి పొయ్యి మీద సర్పంచే జావ పెట్టిండు. గంజి తక్కువైందని, ఉప్పు ఎక్కువైందని మా లైనోళ్ళే వంద వంకలు చెప్పిన్రు. బట్టలు ఇసుకల పడేసినోడు వచ్చి గిన్నె కడిగిండు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలే.

తొక్కు ఎవరు తిన్నరో ఇప్పటికీ తెలువది. మా లైనోడే అయ్యుండొచ్చని నాకు అనుమానం. అది సర్పంచ్‌తోని అనలే. అంటే మళ్ళ గ్యాస్ బంద్ అయితుండె, ఈసారి మాకు.

నా ఇంజినీర్లు మళ్ళ దోస్తులైన్రని రాస్తే మీకు బాగనిపిస్తది. గని నేను డ్రైవర్‌ను, చూసిందే చెప్పాలె. తెల్లారి బండిల చాయ్ తాగుకుంట వెనక సీటాయన "చాచాకు ఎట్లుంది?" అని అడిగిండు. ముందు సీటాయన "జావ నిలబడ్డదంట" అన్నడు. అంతే. ఆ మీద రోజుకొక మాట, ఎప్పుడూ చాచా గురించే. అటు ఎత్తుకపోయిన మనిషి ఇంటికి రాలే, ఇటు బాంబులు ఆగలే. కొంతకాలానికి వెనక సీటాయన కాంట్రాక్టు అయిపోయింది. ఎయిర్‌పోర్టు కాడ ఇద్దరూ బండి దిగిన్రు. చేతులు కలుపుకున్నరా అని అందరూ అడుగుతరు. నేను అప్పుడు టైర్ల గాలి చూస్తున్న. నాలుగు టైర్లూ, స్టెప్నీ గూడ, నిమ్మలంగ చూసిన.

టీవీ రూమ్‌ల యుద్ధం మాత్రం నడిచింది. సర్పంచ్ ఇప్పుడు గూడ చూస్తుండె, తొడగొట్టుడు ఒక్కటి బంద్ పెట్టిండు. ఆ గుణం గూడ ఎన్నాళ్ళుంటదో నాకు నమ్మకం లేకుండె. యుద్ధం నలుగురు మాట్లాడుకునేటప్పుడు మస్తు రుచిగుంటది తమ్మీ, దూరం నుంచి.

చాచా దవాఖాన నుంచి వచ్చిన రోజు మా లైనోళ్ళు మళ్ళ నన్నే ముందుకు తోసిన్రు, హిందీ మంచిగ వస్తదని. జావ గిన్నె పట్టుకుని ఆయన మంచం కాడికి పోయిన. సర్పంచ్ గడప బయట నిలబడ్డడు. నేను గొంతు సవరించుకుని, మొదటిసారి మాట్లాడినంత దంచి కాదుగని, బాగనే మొదలువెట్టిన.

"చాచా, మనసుల పెట్టుకోకు. మేము చేసింది దొంగ కోసం. మా గురి నీ మీద లేకుండె."

చాచా గిన్నె అందుకున్నడు. ఒక చెంచా తాగి, ఇంకో చెంచా ఊదుకుంట, నా దిక్కు చూసిండు.

"గురి ఉంటే దొంగొక్కడే పడేటోడు గద బేటా."